కాపరి జీతం సంఘం బాధ్యత: లెక్క ఎలా వేయాలి, తప్పకుండా ఎలా ఇవ్వాలి

"అయ్యగారికి ఈ నెల ఎవరన్నా ఏమన్నా ఇచ్చిండ్రా?" అని సంఘంలో ఎవరో ఒకరు అడుగుతున్నారంటే, అక్కడ జీతానికి ఒక పద్ధతంటూ లేదన్నమాట. పద్ధతి ఉన్నచోట ఐదో తారీఖు రాగానే డబ్బు పాస్టరు ఖాతాలో పడిపోతుంది. ఎవరూ అడగరు, పాస్టరు నోరు తెరవరు. నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల వైపు ఊళ్లలో యాభై అరవై కుటుంబాలున్న సంఘం ఆ పద్ధతిని ఎలా పెట్టుకోవచ్చో ఇక్కడ చెబుతున్నాం. సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) వంటి చోట్ల గురువు జీతం డయాసిస్ (బిషప్ కింద ఉండే ప్రాంతీయ సంస్థ) ద్వారా వస్తుంది, సంఘం తన వాటాను అక్కడికి పంపుతుంది. అలాంటి సంఘాలకు దీనిలో సగమే పనికొస్తుంది. బాప్టిస్టు, మెన్నోనైట్ బ్రదరెన్, స్వతంత్ర సంఘాలకు చాలావరకు అంతా పనికొస్తుంది.

వాక్యం గురించి పెద్దగా వాదించాల్సింది లేదు. "వాక్యోపదేశము పొందువాడు ఉపదేశించువానికి మంచి పదార్థములన్నిటిలో భాగమియ్యవలెను" అని గలతీ 6:6లో ఉంది. 1 కొరింథీ 9:14, 1 తిమోతి 5:17–18 కూడా అదే చెబుతాయి. కమిటీలో కూర్చునేవాళ్లు మాత్రం నెహెమ్యా 13:10–13 ఒకసారి చదువుకుని రావాలి. తమ భాగాలు అందక, మందిర సేవ చేసే లేవీయులు ఎవరి పొలాలకు వాళ్లు వెళ్లిపోయారు. నెహెమ్యా వాళ్లను ఒక్క మాట అనలేదు, అధిపతులను గద్దించాడు. తర్వాత ఒక యాజకుణ్ణి, ఒక శాస్త్రిని, ఒక లేవీయుణ్ణి, వాళ్లకు తోడు ఇంకొకణ్ణి కానుకలు నిల్వచేసే కొట్ల మీద నియమించాడు. జవాబుదారీ ఎవరిదో, లెక్క ఎంతమంది చేతిలో ఉండాలో ఆ నాలుగు వచనాల్లో తేలిపోతుంది.

మన ప్రాంతానికి ఒక పాత అలవాటు కూడా ఉంది. నల్లగొండలో 1890 నాటి నుంచీ బాప్టిస్టు మిషన్ ఉంది. మహబూబ్‌నగర్ ఫీల్డ్ (మిషన్ పనిచేసే ప్రాంతం) 1937లో అమెరికన్ బాప్టిస్టుల నుంచి మెన్నోనైట్ బ్రదరెన్ చేతికి వచ్చింది. ఆ రోజుల్లో ప్రసంగికి జీతం మిషన్ బంగళా నుంచి వచ్చేది. బంగళాలు పోయి ఎంతో కాలమైనా "పైనుంచి ఎవరో చూసుకుంటరు" అన్న మాట కొన్ని సంఘాల్లో ఇంకా పోలేదు.

ముందు పని రాసుకోండి

జీతం మాట ఎత్తకముందే పాస్టరు ఏం చేస్తున్నారో ఒక కాగితం మీద పెట్టండి. ఆదివారం ఆరాధనలు ఎన్ని, ఎన్ని ఊళ్లలో, వారంలో ఇంటి కూటాలు ఎన్ని, ఉపవాస ప్రార్థన ఏ రోజు, ఆసుపత్రికి, సమాధి కార్యక్రమాలకు నెలలో ఎన్నిసార్లు పోవాల్సి వస్తోంది. వారంలో ఒక రోజు సెలవు కూడా అందులోనే రాయండి. చాలాచోట్ల అది సోమవారం. పాస్టరు పూర్తికాలం చేస్తారా, పౌలు డేరాలు కుట్టినట్టు చేతిపని చేసుకుంటూ సేవ చేస్తారా అన్నది ఇక్కడే తేలాలి. సగం కాలమైతే సంఘానికి ఏయే రోజులో రాసుకోండి. "ఆయనకు కుట్టు మిషన్ ఉంది గద, మనమెందుకు ఇయ్యాలె" అనే మాట, రోజులు రాసుకోని చోటే పుడుతుంది.

అమ్మగారి (పాస్టరు భార్య) పని వేరుగా రాయాలి. సండే స్కూలు, స్త్రీల కూటం, పండుగనాటి వంట ఆమె మీద వేసి, ఆమె బయట చేసుకునే ఉద్యోగం జీతాన్ని మాత్రం పాస్టరు జీతంలోంచి కోసే సంఘాలున్నాయి. ఆమె సంపాదన ఆ ఇంటిది. సంఘం లెక్కలోకి రాదు.

ఖర్చు లెక్క కిరాణా కొట్టు దగ్గర మొదలవ్వాలి

"పక్కూరోళ్లు ఎంతిస్తున్నరు?" అని అడిగి జీతం తేల్చకండి. పక్క ఊరివాళ్లు తక్కువిస్తే మీరూ తక్కువే ఇస్తారు, ఆ తక్కువ ఊరూరా తిరుగుతుంది. కమిటీలో ఇంటి ఖర్చు తెలిసిన ఇద్దరు ఆడవాళ్లను కూర్చోబెట్టి, నలుగురున్న కుటుంబానికి నెలకు ఏం కావాలో వస్తువు వస్తువుగా రాయించండి. ఇల్లు సంఘానిదే అయితే లెక్క సుమారుగా ఇలా వస్తుంది. ఇవి నమూనా అంకెలు, మీ ఊరి ధరలు పెట్టుకోండి.

బియ్యం 40 కిలోలు, కిలో 50 చొప్పున 2,000
పప్పు, నూనె, ఉప్పు, కారం, చాయ సామాన్లు 3,000
కూరగాయలు, పాలు, గుడ్లు, ఆదివారం కూర 4,000
గ్యాస్ 1,000
కరెంటు, ఫోన్ రీచార్జి 1,000
పిల్లల చదువు (ఏడాది 36,000ను పన్నెండు నెలలకు పంచితే) 3,000
మందులు 1,000
బట్టలు, పండుగలు, చుట్టాల పెళ్లిళ్లు 1,500
ఇంటికి వచ్చేవాళ్లకు 1,500

మొత్తం 18,000. చివరి పద్దును ఎవరో ఒకరు తప్పకుండా కొట్టేయబోతారు. కొట్టేయనివ్వకండి. పాస్టరు ఇంటికి ప్రార్థన కోసం, పంచాయితీ కోసం, ఆసుపత్రికి పోతూ దారిలో ఆగేవాళ్లు రోజూ ఉంటారు. వాళ్లు తాగే చాయ సంఘం ఖర్చే. ఇల్లు అద్దెదైతే ఆ అద్దె ఈ లెక్క మీద అదనం.

ఇంకో పక్క నుంచి కూడా సరిచూడండి. మీ ఊళ్లో తాపీమేస్త్రి రోజుకూలి ఎంతో కనుక్కుని 25తో గుణించండి. మీరు అనుకున్న జీతం దానికంటే బాగా కింద ఉంటే, వేసిన లెక్కలో ఏదో మరిచారు. దశమభాగం సంగతి మాట్లాడేటప్పుడు కూడా ఒక చిన్న గణితం గుర్తుంచుకోవాలి. పది కుటుంబాలు నిజంగా పదో వంతు ఇస్తే, ఆ పదింటి సగటు ఆదాయం ఎంతో అంత జీతం ఒక్క పాస్టరుకు వస్తుంది. అరవై కుటుంబాలున్నా జీతానికి చాలడం లేదంటే, లోటు పేదరికంలో ఉందో ఇవ్వడంలో ఉందో కమిటీ తనలో తాను నిజం మాట్లాడుకోవాలి.

తిరుగుడు ఖర్చు జీతంలో కలపకండి

బండి పెట్రోలు జీతంలో కలిపితే రెండు నష్టాలు. ఎక్కువ తిరిగిన నెల పాస్టరు ఇంట్లో కూర తగ్గుతుంది. కొన్నాళ్లకు తిరగడమే తగ్గుతుంది, అప్పుడు "అయ్యగారు ఇండ్లకు వస్తలేరు" అని సణుగుడు మొదలవుతుంది. లెక్క ఇలా వేయండి. చుట్టూ రెండు ఊళ్లు, ఒకటి 12, ఇంకొకటి 15 కిలోమీటర్లు. వారానికి రెండేసి సార్లు పోయి వస్తే 108 కిలోమీటర్లు. టౌన్ ఆసుపత్రికి, మిగతా పనులకు ఇంకో 30. నెలకు దాదాపు 600. లీటరుకు 45 కిలోమీటర్లిచ్చే బండికి 13 లీటర్ల పైన పడుతుంది. లీటరు 107 అనుకుంటే 1,430 దాకా. సర్వీసింగు, టైర్లు, ఇన్సూరెన్సుకు 500 కలిపితే సుమారు 2,000. ఇది ప్రతి నెలా జీతంతో పాటే, కానీ వేరే పద్దుగా ఇవ్వండి. పెట్రోలు బంకు చీటీలు అడగొద్దు. కిలోమీటర్ల పుస్తకం చాలు, అదీ ఏడాదికోసారి లెక్క సవరించుకోవడానికే.

రాబడి: అందరికీ ఒకే రేటు పెట్టకండి

ఇంటికి 300 అని సమానంగా చందా వేయడం తేలిక. అయితే ఒంటరి విధవరాలికి అది బరువు, ఇద్దరు ఉద్యోగులున్న ఇంటికి చిల్లర. పౌలు చెప్పింది ఎవరి హృదయంలో నిశ్చయించుకున్నంత వాళ్లు, సణగకుండా, బలవంతం లేకుండా (2 కొరింథీ 9:7). అయినా లెక్క వేయాలి కదా. నవంబరులో ఇంటింటికీ ఒక మాటచీటీ ఇవ్వండి, "వచ్చే ఏడాది నెలకు ఇంత ఇవ్వగలం" అని రాసి మడిచి కోశాధికారికే ఇచ్చేటట్టు. దాన్ని సభలో చదవకూడదు. చీటీలు కూడితే అంచనా వస్తుంది.

అరవై ఇళ్ల సంఘానికి ఒక నమూనా: టీచర్లు, ఆర్టీసీ, ఇతర ఉద్యోగులున్న 10 ఇళ్లు నెలకు 800 చొప్పున 8,000. వ్యవసాయం, కూలి చేసే 30 ఇళ్లు 200 చొప్పున 6,000. వలసకు పోయే 20 ఇళ్లు 100 చొప్పున 2,000. నెలకు 16,000, ఏడాదికి 1,92,000. ఆదివారం కానుక సగటున 1,200 అనుకుంటే 62,400. కోతల పండుగ (పంట కానుకలు తెచ్చి వేలం వేసే పండుగ) 50,000. మొత్తం 3,04,400.

ఖర్చు: జీతం 2,16,000, తిరుగుడు 24,000, పాస్టరు వృద్ధాప్యానికి 12,000, మందిరం కరెంటు, మరమ్మతులు 18,000, క్రిస్మస్‌కు ఒక నెల జీతం అదనంగా 18,000. అన్నీ కలిపి 2,88,000. మిగిలేది 16,400. ఫీల్డ్‌కో, కాన్ఫరెన్సుకో (సంఘాల పై సంస్థకు) కట్టే వాటా ఉంటే దాన్ని ముందే తీసి పక్కన పెట్టి లెక్క వేయండి.

ఇలా కాగితం మీద పెట్టినప్పుడు కొత్త మైకు సెట్టు, సీలింగు, గోపురం ముచ్చట వస్తే ఏ పద్దులోంచి తీస్తున్నారో అందరికీ కనబడుతుంది. చాలా సంఘాల్లో జీతం పడిపోయేది పేదరికం వల్ల కాదు, కట్టడం మొదలుపెట్టిన ఏడాదే.

ఎండిన నెలలకు ముందే నీళ్లు కట్టుకోండి

మన వైపు డబ్బు పన్నెండు నెలలూ ఒకే తీరుగా రాదు. వానాకాలం వడ్లు, పత్తి డబ్బు నవంబరు నుంచి జనవరి దాకా వస్తుంది. పాలమూరు వైపు యాసంగి వేరుశనగ ఫిబ్రవరి, మార్చిలో, యాసంగి వరి ఏప్రిల్, మేలో. జూన్ నుంచి ఆగస్టు దాకా విత్తనాలు, ఎరువులు, బడి ఫీజులు అన్నీ ఒక్కసారే మీద పడతాయి. కానుక పెట్టె సగానికి వస్తుంది. పాస్టరు పిల్లలకు ఫీజు కట్టాల్సింది కూడా సరిగ్గా అప్పుడే.

అందుకే మూడు నెలల జీతం, అంటే పై లెక్కలో 54,000, నిల్వగా బ్యాంకులో ఉండాలి. మిగులు 16,400తో దాన్ని పోగు చేయాలంటే మూడేళ్లు దాటుతుంది. కాబట్టి మొదటి ఏడాది కోతల పండుగ రాబడి మొత్తం నిల్వకే వెళ్తుందని, ఆ ఏడాది మరమ్మతులు వాయిదా అని ముందే తీర్మానం రాయండి. అలా చేస్తే కూడా నెలల రాబడిలో లోటు పడుతుంది. ఆ లోటుకు ఉద్యోగులున్న పది ఇళ్లను ఒక్క ఏడాదికి కొంచెం ఎక్కువివ్వమని అడగడం తప్పు కాదు, ఏడాదేనని చెప్పి అడగాలి. నిల్వ ముట్టుకోవాలంటే జీతం ఇవ్వడానికే ముట్టుకోవాలి. తీసినదాన్ని జనవరిలోపు మళ్లీ నింపాలి.

వలస పోయినవాళ్లను మరవకండి. హైదరాబాద్, పుణె, ముంబై వైపు పనికి పోయిన కుటుంబాలు ఊళ్లో లేనంత మాత్రాన సంఘంలో లేనట్టు కాదు. ఫోన్ చేసి బాగోగులు అడగండి, ప్రార్థన చేయండి, క్యూఆర్ కోడ్ పంపండి. మొదటి రెండూ చేయకుండా మూడోది పంపితే మాత్రం ఏమీ రాదు.

డబ్బు చేతులు మారే దారి

సంఘం పేరుతో బ్యాంకు ఖాతా, పాన్ కార్డు ఉండాలి. పెద్ద సంస్థకు చెందిన సంఘమైతే అక్కడి తీర్మానంతో, స్వతంత్ర సంఘమైతే సొసైటీగానో ట్రస్టుగానో రిజిస్టరు చేయించుకుని తెరవాలి. ముగ్గురు సంతకందారుల్లో ఏ ఇద్దరైనా సంతకం పెట్టాలి. ముగ్గురూ ఒకే ఇంటివాళ్లు కాకూడదు. పాస్టరు, వారి ఇంటివాళ్లు అందులో ఉండకూడదు. ఇది అనుమానం వల్ల పెట్టే నియమం కాదు. రేపు ఎవరైనా వేలెత్తితే ఆయన పేరు కాపాడేది ఇదే. క్యూఆర్ కోడ్ సంఘం ఖాతాదే కావాలి. కోశాధికారి సొంత ఫోన్‌పే నంబరు గోడకు అంటించిన చోట, ఆయన మీద ఎంత నమ్మకమున్నా రెండేళ్లలో గొడవ అవుతుంది. ఎందుకంటే ఆయన సొంత డబ్బు, సంఘం డబ్బు ఒకే ఖాతాలో కలిసిపోయాక విడదీయడం ఆయన వల్ల కూడా కాదు.

ఇంటింటికీ జనవరిలో పన్నెండు కవర్లు ఇవ్వండి. కవరు మీద పేరు వద్దు, నంబరు చాలు. ఏ నంబరు ఎవరిదో కోశాధికారి పుస్తకంలో మాత్రమే ఉండాలి. కొన్ని సంఘాల్లో ఎవరెంత ఇచ్చారో మైకులో చదువుతారు. చదివిన మొదటి నెల రాబడి పెరుగుతుంది. తర్వాత తక్కువ ఇచ్చేవాళ్లు ఆరాధనకే రావడం మానేస్తారు.

ఆదివారం కానుక ఆరాధన అయిన వెంటనే మందిరంలోనే లెక్కపెట్టాలి. ఇంటికి తీసుకుపోవద్దు. ఒకరికొకరు చుట్టాలు కాని ముగ్గురు కూర్చోవాలి. ఐదువందలు, రెండువందలు, వందలు, చిల్లర విడివిడిగా రాసి, కూడి, ముగ్గురూ సంతకం పెట్టాలి. ఆ చీటీ రెండు ప్రతులు: ఒకటి కోశాధికారికి, ఒకటి కార్యదర్శికి. సోమవారమో మంగళవారమో బ్యాంకులో వేయాలి. కానుక డబ్బులోంచి అక్కడికక్కడే పూలకు, చాయకు, డీజిల్‌కు తీసి మిగిలింది రాసే అలవాటు ఉంటే ముందు దాన్ని ఆపండి. వచ్చింది పూర్తిగా ఒక పక్క, ఖర్చు ఇంకో పక్క రాయాలి. లేకపోతే ఏడాది చివర ఎవరు ఎంత కూడినా కలవదు.

జీతం ఐదో తారీఖున పాస్టరు బ్యాంకు ఖాతాకు వెళ్లాలి. చేతికి కవరు ఇస్తే ఇచ్చిన పెద్దమనిషి ఇచ్చినట్టవుతుంది, ఖాతాలో పడితే సంఘం ఇచ్చినట్టవుతుంది. ఇంకో లాభం కూడా ఉంది. నెలనెలా జీతం పడిన ఖాతా చూపిస్తే పాస్టరుకు బండికో, చదువుకో బ్యాంకు అప్పు దొరికే దారి ఉంటుంది. ఆ కాగితం లేకనే ఎంతోమంది పాస్టర్లు నెలకు నూటికి రెండు రూపాయల మిత్తికి, అంటే ఏడాదికి నూటికి 24కు, అప్పు తెచ్చుకుంటున్నారు. అది కూడా తరచుగా సంఘస్థుల దగ్గరే. అప్పిచ్చిన మనిషికి గద్దింపు వాక్యం చెప్పడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. అందుకని అత్యవసరానికి రెండు నెలల జీతం, 36,000 దాకా, మిత్తి లేకుండా ముందస్తుగా ఇచ్చి, నెలకు 3,600 చొప్పున పది నెలల్లో పట్టుకునే నియమం పెట్టుకోండి.

పిడికెడు బియ్యం, కోతల పండుగ

అన్నం వండేటప్పుడల్లా ఒక పిడికెడు తీసి డబ్బాలో వేసే అలవాటు మన సంఘాల్లో ఇంకా చాలాచోట్ల ఉంది. దాన్ని తక్కువ చూడకండి. పిడికెడు 45 గ్రాములు అనుకుంటే పూటకొకటి, రోజుకు రెండు, నెలకు 2.7 కిలోలు. ముప్పై ఇళ్లు వేస్తే 81 కిలోలు. పాస్టరు ఇంటికి కావలసినది 40. డబ్బు ఇవ్వలేని ఇల్లు కూడా ఇందులో పాలు పొందుతుంది, అదే దీనిలో గొప్ప.

చిక్కులు కూడా ఉన్నాయి. దొడ్డు బియ్యం, సన్న బియ్యం, పాతవి, కొత్తవి అన్నీ కలిసిపోతే అన్నం ఒక తీరుగా ఉడకదు, పాస్టరమ్మ నోరు మెదపదు. ఇంటికి రెండు డబ్బాలివ్వడం కంటే, తీసుకునే దగ్గరే రెండు సంచులు పెట్టి వేరు చేయడం సులభం. పురుగు పట్టకుండా ఎండబెట్టి, రెండు నెలల్లో వాడేయాలి. మిగిలిన బియ్యాన్ని బేరగాడికి అమ్మవద్దు. అందులో రేషన్ బియ్యం కలిసి ఉండొచ్చు, రేషన్ బియ్యం అమ్మడం నేరం. ఒంటరి ముసలివాళ్లకు పంచండి. అన్నిటికంటే ముందు, బియ్యం జీతంలో భాగమా, జీతం మీద అదనమా అన్నది రాసి పెట్టండి. జీతంలో భాగమైతే పై లెక్కలోని 2,000 తగ్గించి 16,000 ఇవ్వండి, అంతకు మించి తగ్గించకండి. రాసి పెట్టకపోతే "బియ్యం ఇస్తనే ఉన్నం గద" అన్న మాట మొత్తం జీతానికే అడ్డు వస్తుంది.

కోతల పండుగ వేలంలో ఉత్సాహం ఎక్కువ, వసూలు తక్కువ. సొరకాయ వెయ్యికి పాడతారు, కోడిపుంజు మూడువేలకు పాడతారు, డబ్బు మాత్రం "పత్తి అమ్మినంక" అంటారు. పాడిన రోజే చెల్లించాలని ముందే మైకులో చెప్పండి, టేబుల్ దగ్గరే క్యూఆర్ కోడ్ పెట్టండి. బాకీలను రాబడిగా రాయకండి. చేతికొచ్చిందే లెక్క. ఒకరి మీద పంతానికి ఇంకొకరు పాడుతున్నారని అనిపిస్తే వేలం అక్కడ ఆపేయగల మనిషినే పాట పాడించేవాడిగా పెట్టండి.

పెళ్లికి, గృహప్రవేశానికి, ఇంటి ప్రార్థనకు జనం ఇచ్చే కవరు పాస్టరుదే. దాన్ని జీతంలో లెక్కేయకండి. సమాధి కార్యక్రమానికి మాత్రం ఏమీ తీసుకోకూడదన్నది సంఘం నియమంగా ఉంటే ఆ ఇంటివాళ్లకు మేలు.

రెండు మూడు ఊళ్లకు ఒకే పాస్టరైతే

వాటాలు ఆదివారాల లెక్కన పంచితే చిన్న ఊరు నలిగిపోతుంది. కుటుంబాల లెక్కన పంచండి. పెద్ద ఊళ్లో 35, రెండో ఊళ్లో 15, మూడో ఊళ్లో 10 ఇళ్లుంటే, 18,000లో వాటాలు 10,500, 4,500, 3,000. అన్నీ పెద్ద ఊరి ఖాతాకు మూడో తారీఖులోపు రావాలి. పాస్టరు ఊరూరా తిరిగి తన వాటా తానే వసూలు చేసుకునే పరిస్థితి ఎక్కడుందో అక్కడ, ఇవ్వని ఊరికి పాస్టరు పోవడం కూడా తగ్గుతుంది. ఒక ఊరు రెండు నెలలు వెనకబడితే పెద్ద ఊరి కార్యదర్శి వెళ్లి మాట్లాడాలి, పాస్టరు కాదు.

ముసలితనం, రోగం

ఇక్కడే సంఘాలు ఎక్కువగా చేతులెత్తేస్తాయి. ముప్పై ఏళ్లు సంఘం ఇంట్లో ఉన్న మనిషికి అరవై దాటాక సొంత గుడిసె కూడా ఉండదు. నెలకు 1,000 పక్కన పెడితే ఏం చేయొచ్చో చూడండి. పాస్టరు వయసు 18 నుంచి 40 లోపు ఉండి, ఆదాయపు పన్ను కట్టేవారు కాకపోతే అటల్ పెన్షన్ యోజనలో చేరొచ్చు. 30 ఏళ్ల వయసులో చేరితే నెలకు 577 కడితే 60 తర్వాత నెలకు 5,000 పింఛను. 35కు చేరితే 902, 40కి చేరితే 1,454 కట్టాలి. ఆలస్యం ఎంత ఖరీదో ఆ అంకెల్లోనే ఉంది. నలభై దాటినవారికి ఎన్‌పీఎస్ (జాతీయ పింఛను పథకం) కానీ పీపీఎఫ్ (ప్రజా భవిష్య నిధి) కానీ చూడండి.

ఏడాదికి 436 రూపాయలతో జీవన్ జ్యోతి బీమా (50 ఏళ్లలోపు చేరాలి), 20 రూపాయలతో సురక్షా ప్రమాద బీమా, రెండింటికీ చెరి రెండు లక్షలు. ఊరూరా బండి మీద రాత్రిపూట తిరిగే మనిషికి రెండోది తప్పనిసరి. ఈ రెండూ జూన్ 1 నుంచి మే 31 దాకా నడుస్తాయి, డబ్బు ఖాతాలోంచి తనంతట తానే కోతపడుతుంది. మే నెలాఖరున ఖాతాలో 500 ఉందో లేదో కోశాధికారి గుర్తు చేయాలి. పెన్షన్ 577 పోను, ఈ బీమాలు పోను ఏడాదికి మిగిలే 4,600 చిల్లర పోస్టాఫీసులో పొదుపు చేయండి.

జబ్బు చేస్తే ఆరోగ్యశ్రీ ఉంది. తెలంగాణలో దాని పరిమితి 2023 డిసెంబరులో పది లక్షలకు పెరిగింది. కానీ అది ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సలకే ఎక్కువగా పనికొస్తుంది. బీపీ, షుగర్ గోళీలకు నెలనెలా ఖర్చు జీతంలోని మందుల పద్దులోంచే రావాలి. పాస్టరు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మారినప్పుడు కార్డుల్లో చిరునామా, పిల్లల పేర్లు సరిగా ఉన్నాయో లేదో కమిటీయే దగ్గరుండి చూసుకుంటే మంచిది.

విదేశీ డబ్బు, గొడవ వచ్చినప్పుడు

ఎవరో విదేశాల్లోని మిత్రుడు జీతం పంపుతాడని చెప్పి సంఘం చేతులు దులుపుకోవద్దు. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా సంఘం విదేశీ విరాళం తీసుకోకూడదు. రిజిస్ట్రేషన్ ఉన్నా ఆ డబ్బు ఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాకే రావాలి. ఒక సంస్థకు వచ్చినదాన్ని ఇంకో సంస్థకు పంచడం 2020 సవరణతో ఆగిపోయింది. సంఘం కోసమని పాస్టరు సొంత ఖాతాకు తెప్పించుకుంటే చిక్కుల్లో పడేది ఆయనే.

పాస్టరు మీద కోపం వస్తే కానుక ఆపడం అన్నిటికంటే పాత ఆయుధం. దానివల్ల తగువు తీరదు, ఇంట్లో పొయ్యి ఆరుతుంది, తప్పు చేసినవాడూ చేయనివాడూ ఒకేలా ఆకలితో ఉంటారు. ఫిర్యాదు ఉంటే రాసి ఫీల్డ్ కమిటీకో, పైవారికో ఇవ్వండి. తీర్పు వచ్చేదాకా జీతం ఆగకూడదు. తీర్పు ఆయనకు వ్యతిరేకంగా వచ్చినా ఆ రోజు దాకా చేసిన పనికి ఇవ్వాల్సిందే.

జీతం ఏటా పెరగాలి. జనవరి సర్వసభ్య సమావేశంలో ధరలు చూసి ఐదారు శాతం, అంటే 18,000 మీద వెయ్యి రూపాయల దాకా పెంచండి. పాస్టరును ఆ చర్చ జరిగే అరగంట బయట కూర్చోమనండి, లోపల ఉంటే ఎవరూ నిజం మాట్లాడరు. నెల మొదటి ఆదివారం రాబడి, ఖర్చు, నిల్వ మూడు అంకెలు చదివి, కాగితం గోడకు అంటించండి. కోశాధికారిని మూడేళ్లకొకసారి మార్చండి, మారేటప్పుడు పుస్తకాలు బయటి ఇద్దరితో సరిచూపించి అప్పగించండి.

బదిలీ లేదా విరమణ వచ్చినప్పుడు ఆ నెల జీతం పూర్తిగా, సామాను బండి కిరాయి, ముందస్తు బాకీ ఉంటే దాని లెక్క, పెన్షన్ పాస్‌పుస్తకం అన్నీ ఒకే రోజు ఇచ్చి, రెండు పక్కలా సంతకాలు తీసుకోండి. సేవలో ఉండగానే పాస్టరు చనిపోతే, అమ్మగారు, పిల్లలు కనీసం ఆరు నెలలు సంఘం ఇంట్లోనే ఉండొచ్చని, ఆ ఆరు నెలలూ సగం జీతం అందుతుందని ఇప్పుడే తీర్మానం పుస్తకంలో రాయండి. పిల్లల బడి సంవత్సరం మధ్యలో ఉంటే ఆ ఏడాది ముగిసేదాకా. ఆ తీర్మానం ప్రతిని పాస్టరు ఇంట్లో ఒకటి, కార్యదర్శి దగ్గర ఒకటి ఉంచండి. కొత్త కమిటీ వచ్చిన ప్రతిసారీ మొదటి సమావేశంలో దాన్ని చదివి సంతకాలు చేయించండి.